చిన్నది పోయింది

స్టాఫ్‌రూమ్ బీరువా తెరిచేసరికి చిన్నది లేదు.

లెక్కల మాస్టారు అరలన్నీ తడిమి చూశారు. బడిపిల్లలకు ఏ కంప్యూటరు కొనాలో తేల్చుకోమని కొట్టువాడు రెండు నమూనాలు ఇచ్చాడు. ఉన్న డబ్బుతో పెద్దది కొంటే సగంమందికి కూడా రాదు. చిన్నదైతే అందరికీ వస్తుంది. ఇవాళ సాయంత్రం బడి కమిటీ ముందు అది పనిచేసి చూపించకపోతే పెద్దదే ఖాయం. హెడ్మాస్టరుదీ అదే మాట: "చవకది పిల్లల చేతిలో వారం ఆగదు."

ప్రతి బెంచీ మీదా ఒక చిన్న తెర, ఆ వెలుగులో వెనకబెంచీ మొహాలు సైతం వెన్నెల పడ్డట్టు... తెల్లవారుజామున కన్న ఆ కల మాస్టారి కళ్ళలోంచి ఇంకా దిగలేదు.

తెలుగు టీచరు వచ్చింది. "ఏంటి మాస్టారూ, అలా ఉన్నారు?"

"చిన్నది పోయిందమ్మా."

ఆయనకు ఇద్దరు కూతుళ్ళని ఆమెకు తెలుసు. గొంతు తగ్గించి, "ఎవరితో?" అంది.

"ఎవరు తీసుకుపోయారో తెలిస్తే ఇంకేం. నిన్న నా చేత్తోనే తాళం వేశాను."

"తాళాలేసి పెంచితే అంతేనండి."

"కొట్టువాడికి అప్పజెపుతానని మాటిచ్చాను కూడా."

"ఆ పిల్ల ఇష్టం అడిగారా అసలు?"

మాస్టారు కిటికీలోంచి మబ్బుల్ని చూస్తున్నారు. "ఇక పెద్దదాన్నే తీసుకుంటారు," అని నిట్టూర్చారు.

పెళ్ళయి కాపురం చేసుకుంటున్న పెద్దదాన్నా! టీచరు పక్క గదికి పరుగెత్తింది.

గంట కొట్టేలోపు కబురు బడంతా పాకింది. స్టాఫంతా మాస్టారిని ఆటోల్లో ఎక్కించుకుని ఆయన ఇంటికి బయలుదేరారు. ఇంట్లో వెతకడానికి కాబోలు అనుకుని ఆయనా సర్దుకుని కూర్చున్నారు.

తలుపు తీసింది చిన్నకూతురే, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని.

"నువ్వు పోలేదుటే?" అంది టీచరు.

"నేనెక్కడికి పోతాను ఆంటీ? ఇవాళ మా కాలేజీకి సెలవు."

చిన్నదంటే కంప్యూటరని మాస్టారు విడమరిచేసరికి టీచరు మొహం ఎర్రబడింది. అందరూ తలలు దించుకుని వెనక్కి వచ్చారు.

బడి వాకిట్లో హెడ్మాస్టరు నిలబడి ఉన్నారు. చేతిలో చిన్నది, తెర వెలుగుతూ.

"నా దగ్గరున్న తాళంచెవితో నేనే తీశాను మాస్టారూ. ఆగదని రుజువు చేద్దామని పొద్దున్నే మేడమీంచి వదిలాను. ఆకులా తేలుతూ దిగింది. మళ్ళీ వదిలాను, మళ్ళీ వెలిగింది. ఇంతలో మీరంతా ఎటో వెళ్ళిపోయారు, వద్దనేవాళ్ళు లేరు. ఒక్కదాన్నే పరీక్షించడం అన్యాయం కదా అని పెద్దదాన్నీ వదిలాను. దాన్ని చీపురుతో ఎత్తాల్సి వచ్చింది."