మోగే పురుషోత్తం

కొత్త కారు ఇంటికొచ్చిన వారానికి కందాళ పురుషోత్తం ఒళ్లు మోగడం మొదలుపెట్టింది. ఎవరైనా మూడడుగుల దూరంలోకి వస్తే కీక్, కీక్ అని నెమ్మదిగా మోగేది. ఇంకా దగ్గరికొస్తే తొందరతొందరగా మోగేది. చెయ్యి తగిలేంత దగ్గరికొస్తే ఇక ఆపకుండా ఒకటే కూత.

ముందుగా గమనించింది ఆయన భార్య ఇందుమతి. పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏవండీ, మీరు మోగుతున్నారు."

"ఫోనేమో చూడు."

"ఫోను హాల్లో ఉంది. మోగేది మీరే."

ఆమె ఒక అడుగు ముందుకేసింది. కూత వేగం పెరిగింది. వెనక్కి వేసింది. తగ్గింది. హైస్కూల్లో సైన్సు చెప్పే మనిషి కాబట్టి ఏదైనా రెండుసార్లు చేసి చూస్తేగానీ నమ్మదు. ఇంకోసారి ముందుకీ వెనక్కీ నడిచి చూసి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, "చల్లారకముందే తాగండి" అని లోపలికి వెళ్లిపోయింది.

అసలు పురుషోత్తం ఆ కారు కొన్నదే సెన్సర్ల కోసం. విశాఖపట్నంలో వాళ్లుండే అపార్టుమెంటు సెల్లార్ నిండా స్తంభాలే. అంతకుముందు ఆయనకో పాత కారుండేది. దాన్ని రెండు స్తంభాల మధ్యలోకి వెనక్కి తీసుకెళ్లాలంటే కింది ఫ్లాటు నూకరాజు రావాల్సిందే. హారన్ వినపడగానే నూకరాజు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, బండి వెనక నిలబడి, "రా, రా, రా, ఇంకా రా, కాస్త కుడికి కొట్టు, రా, ఆగు!" అని డిక్కీ మీద ఒక్క చరుపు చరిచేవాడు. ఆ తర్వాత ఇద్దరూ సెల్లార్లోనే నిలబడి మాట్లాడుకునేవారు. పోర్టు ఆఫీసులో పురుషోత్తం పడ్డ పాట్లు, నూకరాజు మోకాళ్ల నొప్పి, చేపల ధర, అన్నీ అయ్యాక గానీ మెట్లెక్కేవారు కాదు.

కొత్త కారు వచ్చిన రోజు కూడా నూకరాజు అలాగే వచ్చి నిలబడ్డాడు. ఆయన నోరు తెరవకముందే కారు కీక్‌మంది. ఆయన పక్కకి తప్పుకున్నాడు. కారు తనంతట తానే కూతపెట్టుకుంటూ, స్తంభానికి జానెడు ఎడంగా వచ్చి ఆగింది.

"ఇంకేటిరా, నాకు రిటైర్‌మెంటే" అన్నాడు నూకరాజు నవ్వుతూ. కాసేపు నిలబడ్డాడు. చరవడానికి ఏమీ లేక చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఒళ్లు మోగుతున్న సంగతి తేల్చుకోవడానికి పురుషోత్తం కారు సర్వీసు సెంటరుకి వెళ్లాడు. అక్కడ లహరి అనే అమ్మాయి ఉంది. కారు తాళాలిచ్చిన రోజున ఆయనకి పాఠం చెప్పింది కూడా ఆమే. చల్లటి గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆయన చుట్టూ ఒకసారి తిరిగింది. తిరిగినంతసేపూ ఆయన మోగాడు.

"నార్మలే సర్. కొంతమంది ఓనర్లకి ఫస్ట్ సర్వీసు లోపల సెన్సర్లు ఎక్కుతాయి."

"కారులోవి నాకు వచ్చేశాయా?"

"కారువి కారుకే ఉంటాయి సర్. ఇవి మీకు కాంప్లిమెంటరీ."

"తగ్గుతాయా?"

"అలవాటవుతాయి సర్. మెల్లగా మోగితే జాగ్రత్తపడండి. వేగంగా మోగితే బ్రేక్ మీదికి రండి. కూత ఆగకపోతే మీరు ఆగిపోండి. అంతే."

తర్వాత ఆమె మైలేజీ సంగతి ఎత్తింది. ఆయన నడపడంలో కంగారు ఎక్కువుందని కంప్యూటరు చెబుతోందిట. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కకూడదు, ఒక్కసారిగా బ్రేక్ వెయ్యకూడదు. సిగ్నల్ ఎర్రబడటం దూరం నుంచే కనిపెట్టి, కాలు ముందే తీసెయ్యాలి. డిక్కీలో అనవసరమైన బరువులు ఉండకూడదు. ఇవన్నీ పాటిస్తే మీటరు పక్కన పచ్చటి ఆకు బొమ్మ వెలుగుతుంది. ఆకు వెలిగిందంటే పొదుపుగా నడుపుతున్నట్టు.

పురుషోత్తం మాట వినే మనిషి. ఆ సాయంత్రమే డిక్కీ ఖాళీ చేశాడు. గొడుగులు తీశాడు, పాత దుప్పటి తీశాడు. రెండు మడత కుర్చీలు కూడా తీశాడు. ఆదివారాల్లో ఆయనా ఇందుమతీ భీమిలి దాకా వెళ్లి, ఆ కుర్చీలు ఇసుకలో వేసుకుని, కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటూ కూర్చునేవారు. కుర్చీలు స్టోర్ రూములోకి వెళ్లాయి. మర్నాడు ఆఫీసుకి వెళ్తుంటే ఆకు వెలిగింది. ఆయనకి ఎంత సంతోషం వేసిందంటే, కంగారులో యాక్సిలరేటర్ తొక్కేశాడు. ఆకు ఆరిపోయింది. సంతోషం కూడా ఖర్చేనని ఆయనకి అప్పుడే బోధపడింది.

అప్పటినుంచి జాగ్రత్తగా ఉన్నాడు. ఒకసారి అలవాటైన పద్ధతిని రోడ్డు మీదే వదిలేసి రావడం కష్టం. ఆఫీసులో పై అధికారికి కోపం రాబోతోందని దూరం నుంచే కనిపెట్టి, అవునూ కాదూ అనకుండా కాలు తీసేసేవాడు. ఆ కోపం దానంతటదే జారుకుంటూ వెళ్లి ఎక్కడో ఆగేది. ఎవరైనా జోక్ చెబితే చివర్లో ఒక్కసారిగా నవ్వాల్సి వస్తుందని, మొదట్నుంచే కొంచెం కొంచెం నవ్వుతూ ఉండేవాడు. స్నానం చేస్తూ పాడుకునే పాటలు మానేశాడు. వెనకటి తగాదాలు తలుచుకోవడం మానేశాడు. పాతికేళ్ల క్రితం తన ప్రమోషన్ కొట్టేసిన సహోద్యోగిని కూడా మర్చిపోయాడు. అంత బరువు దిగిపోయేసరికి మనిషి తేలికపడ్డాడు, బీపీ దిగింది. డాక్టరు, "ఏం చేస్తున్నారో అదే చెయ్యండి" అన్నాడు.

ఇంట్లో మాత్రం సర్దుబాట్లు కావాల్సివచ్చాయి. నిద్రలో ఇందుమతి ఇటు ఒత్తిగిల్లితే ఆయన మోగేవాడు. ముందు మధ్యలో దిండు పెట్టారు. చాల్లేదు. మంచాలు వేరు చేశారు. గది చిన్నది. చివరికి ఆమె మంచం పక్క గదిలోకి వెళ్లింది. మంచం మోసుకెళ్లిన మనుషులు, "ఇక్కడైతే గాలి బాగా వస్తుందండి" అన్నారు. గాలి నిజంగానే బాగా వచ్చింది.

ఆ వేసవిలో నూకరాజు భార్య సన్నాసమ్మ చనిపోయింది. పొద్దున్న పూలు కోస్తూ పడిపోయింది, ఆస్పత్రి దాకా కూడా వెళ్లలేదు. పురుషోత్తం దంపతులు కిందికి వెళ్లేసరికి హాలంతా జనం. నూకరాజు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదట. పురుషోత్తాన్ని చూడగానే లేచాడు. చిన్నపిల్లాడిలా రెండు చేతులూ చాచి వచ్చాడు.

"ఒరే పురుషోత్తం, చూసేవేట్రా ఎలగైపోయిందో..."

పురుషోత్తం మోగాడు. నూకరాజు ఇంకో అడుగు వేశాడు. కూత వేగం పెరిగింది. ఇంకో అడుగు. హాలంతా ఒకటే కూత. పాడె సర్దుతున్నవాళ్లు తలెత్తి చూశారు. పురుషోత్తం కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందుకి వెయ్యాలనే కాలెత్తాడు కూడా. కానీ కూత ఆగకపోతే మీరు ఆగిపోండని లహరి చెప్పింది. ఎత్తిన కాలు ఎత్తినచోటే దింపాడు.

నూకరాజు చాచిన చేతులతోనే ఆగిపోయాడు. "సరే, సరే. ఆగేన్రా, ఆగేను" అంటూ ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాడు. మూడో అడుగుకి కూత ఆగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అక్కడి నుంచే పురుషోత్తం, "ధైర్యంగా ఉండు" అన్నాడు. "అలాగేరా" అన్నాడు నూకరాజు. చేతులు ఏం చెయ్యాలో తెలియక కండువా అంచు మడతపెట్టుకుంటూ మళ్లీ గోడ దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా ఏడవలేదు.

అంత పద్ధతిగా జరిగిన పలకరింపు తను చూళ్లేదని అపార్టుమెంటు సంఘం సెక్రటరీ కోటేశ్వరమ్మ మర్నాటి మీటింగులో అన్నారు. గోల లేదు, ఒకరి మీద ఒకరు పడటాలు లేవు. ఇలాంటి సదుపాయం ఒక్క కారు ఓనరుకే ఎందుకుండాలి, అందరికీ ఉండకూడదా అని అడిగారు. ఎవరూ కాదనలేదు. కంపెనీ వాళ్లు ఒక ఆదివారం సెల్లార్లో షామియానా వేసి, ఇడ్లీలు పెట్టి, వచ్చినవాళ్లందరికీ సెన్సర్లు ఎక్కించారు. స్కూటర్లున్నవాళ్లూ ఎక్కించుకున్నారు. ఏ బండీ లేనివాళ్లు, ముందుముందు కొనకపోతామా అని ఎక్కించుకున్నారు.

ఇందుమతి కూడా వరసలో నిలబడింది.

"నీకెందుకు ఇందూ? నువ్వు బండి నడపవుగా" అన్నాడు పురుషోత్తం.

"నేను దగ్గరికొచ్చినప్పుడు మీరొక్కరే మోగుతుంటే, తప్పంతా నాదే అన్నట్టుంటోందండీ. ఇద్దరం మోగితే ఆ బాధ ఉండదు."

ఆ మాటకి ఆయన ఏదో అనబోయాడు. పెద్ద మాటే ఒకటి గొంతుదాకా వచ్చింది. అది ఎక్కడికి దారితీస్తుందో దూరం నుంచే కనపడి, కాలు తీసేశాడు. వరస ముందుకి జరిగింది.

ఆ తర్వాత అపార్టుమెంటు తీరే మారిపోయింది. లిఫ్టులో ఒకరే ఎక్కేవారు. పిల్లలు ఎవరికి వారే బంతి గోడకి కొట్టుకుని ఆడుకునేవారు. గొడవలు పోయాయి. గొడవపడాలన్నా మనిషి కాస్త దగ్గరికి రావాలి కదా. పక్క అపార్టుమెంటు వాళ్లు వచ్చి చూసి, తమకీ కావాలని అడిగి వెళ్లారు. నూకరాజు మాత్రం ఎక్కించుకోలేదు. "నాకెందుకమ్మా, నా దగ్గిరికి వొచ్చేదెవులు" అన్నాడు. సెన్సర్లు తీసుకోకపోవడానికి అది తగిన కారణమేనని సంఘం ఒప్పుకుంది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్న వంటింట్లో పాలు పొంగుతున్నాయి. పురుషోత్తం ఇటునుంచీ ఇందుమతి అటునుంచీ ఒకేసారి పొయ్యి దగ్గరికి పరిగెత్తారు. భుజం భుజం గుద్దుకున్నాయి.

ఎవరూ మోగలేదు.

ఇద్దరూ బిగుసుకుపోయారు. ఇందుమతి స్టవ్ కట్టేసి, "మోగలేదేమండీ?" అంది. ఆయన మెల్లగా చెయ్యి ఎత్తి ఆమె భుజం మీద వేశాడు. మోగలేదు. ఆ చెయ్యి తీసి చెంప మీద పెట్టాడు. అయినా మోగలేదు. ఆమె చెంప వెచ్చగా ఉంది. ఆమె జుట్టులో తెల్లవెంట్రుకలు ఎక్కువయ్యాయని ఆయనా, ఆయన కళ్లజోడు మారిందని ఆమె అప్పుడే చూసుకున్నారు. ఆ నిమిషాన ఇద్దరూ సంతోషపడి ఉండేవారే. కానీ ఇద్దరికీ ఒకేసారి వారంటీ గుర్తొచ్చింది.

"గడువు దాటకముందే చూపించుకుందాం పదండి" అంది ఇందుమతి.

లహరి ఇద్దరినీ చల్లటి గదిలో పక్కపక్కన కూర్చోబెట్టింది. చేతులకి వైర్లు తగిలించి, లాప్‌టాప్‌లో చాలాసేపు చూసింది.

"సెన్సర్లు బాగానే ఉన్నాయి సర్. ఇద్దరివీ."

"మరి మోగవేం?"

"కదిలే బండికే కూత సర్. కాళ్ల పరుగు లెక్కలోకి రాదు, లోపలి ఇంజనుదే లెక్క. వెనక్కో ముందుకో వెళ్తుంటే మోగుతుంది. ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి పెట్టేసిన బండికి మోగదు. ఎవరొచ్చి ఆనుకున్నా మోగదు. మోగితే బ్యాటరీ దండగ కదా."

"అంటే మేము?"

"పార్క్ అయిపోయారు సర్. మేడం కూడా."

పురుషోత్తం మంచినీళ్లు తాగాడు.

"ఎప్పుడయ్యాం?" అన్నాడు.

లహరి తెర మీద వెనక్కి జరుపుకుంటూ వెళ్లింది. ఇంకా ఇంకా వెనక్కి వెళ్లింది. "చాలా రోజులైంది సర్" అంది మర్యాదగా, ఎన్నాళ్లో చెప్పకుండా.

ఇందుమతి ముందుకి వంగి అడిగింది. "అమ్మా, సరిగ్గానే అయ్యామా?"

"చాలా బాగా అయ్యారు మేడం. సరిగ్గా గీతల మధ్యలో ఉన్నారు. ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు."

ఇద్దరికీ గుండెల మీంచి భారం దిగింది. లహరి ఇద్దరినీ కారు పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుంది. కొత్త కస్టమర్లకి చూపించడానికట. బీచ్ రోడ్డు మీదుగా ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఆకు వెలుగుతూనే ఉంది.

ఇంట్లోకి వచ్చాక ఇందుమతి చెప్పులు విప్పుతూ, "అయితే ఇక పక్కపక్కనే కూర్చోవచ్చన్నమాట" అంది.

"నిక్షేపంగా కూర్చోవచ్చు. మోగవుగా" అన్నాడు పురుషోత్తం.

సోఫాలో ఆనుకుని కూర్చున్నారు. భుజానికి భుజం తగులుతోంది, మోకాలికి మోకాలు తగులుతోంది. ఆయన టీవీ పెట్టాడు. ఆమె ఫోను తీసింది. కాసేపటికి ఆమె తల ఆయన భుజం మీదికి వాలింది. అది వాలిన సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

"ఎంత హాయిగా ఉందో కదండీ" అంది ఇందుమతి ఫోను చూస్తూ.

"మరి బండి అలాంటిది" అన్నాడు పురుషోత్తం.