రెండో కాగితం ముందొచ్చిన రోజు

ఆ పొద్దున సర్వే ఆయన అనుకున్నది చిన్న పని. మధ్యాహ్నంలోగా ఒకే వీధిలో నలభై ఇళ్లు తిరిగి, నింపిన ఫారాలు పెద్దసారు బల్ల మీద పెడితే చాలు, మూడేళ్ల తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటవుతుంది. పక్క దేశంలో యుద్ధం జరుగుతోంది. అక్కడికి మన సైన్యాన్ని పంపాలా వద్దా అన్నది మొదటి కాగితం. ఇంట్లో పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ల మగవాళ్లెందరు, వాళ్ల ఆరోగ్యమెలా ఉంది అన్నది రెండో కాగితం.

ఫారాలకు పిన్నులు కొట్టింది ఆయన భార్య. సగం కట్ట బాగానే కొట్టింది. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగాయి. తిరిగొచ్చి కొట్టిన సగంలో రెండో కాగితం పైకొచ్చింది.

వీధి ఎడమ వరసలో అందరూ వీరులే. "పంపాల్సిందే! రెండు రోజుల్లో తేల్చెయ్యాలి, రాసుకో," అన్నాడు ఇనుప కొట్టాయన, బల్ల మీద గుద్ది. "మా కొడుకులిద్దరి ఆరోగ్యమా? గుండ్రాళ్లలా ఉన్నారు!"

కుడి వరసలో మొదటి గుమ్మం దర్జీ పిన్నిది. సర్వే ఆయన ఫారంలో పైనున్న కాగితమే ముందు చదివాడు.

"ఇంట్లో మగపిల్లలెందరు పిన్నీ? ఆరోగ్యం బాగుందా?"

ఆమె చేతిలో సూది ఆగింది. "ఎందుకు నాయనా?"

"తర్వాతి ప్రశ్న యుద్ధం గురించి."

వెనకాల తలుపంత కొడుకు నిలబడి ఉన్నాడు. "వీడా? కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. అయినా యుద్ధాలెందుకు బాబూ, కూర్చుని మాట్లాడుకోమను," అంది పిన్ని.

సైన్యానికి పేర్లు రాసుకుపోయేవాడు వచ్చాడన్న కబురు ఆయనకన్నా ముందు నడిచింది. పెరటి గోడలు దూకిన చప్పుళ్లు వినిపించాయి. దూకినవాళ్లంతా మంచాన పడ్డవాళ్లేనని తల్లులు రాయించారు.

ఇనుప కొట్టాయన చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. "తమ్ముడూ, ఆ ఫారం ఇటియ్యి. ఏదో ఊపులో అనేశాను. మావాళ్లిద్దరికీ ఆయాసం." ఆయన వెనకే ఎడమ వరసంతా వచ్చింది. ఇరవై ఫారాలు కొట్టివేతలతో నల్లబడ్డాయి.

వాటిని చూసి పెద్దసారు మండిపడ్డాడు. "ఉద్యోగం సంగతి మర్చిపో! జనానికి నిలకడ ఉందయ్యా, అడగడమే నీకు చేతకాలేదు. 'పంపాలి' అని రాస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా? ఇలా తే, నేను నింపి చూపిస్తా."

కట్టలో మిగిలిన ఖాళీ ఫారం లాక్కున్నాడు. పైనున్నది రెండో కాగితం. తన కొడుకులు ముగ్గురని రాశాడు. వయసులు రాశాడు. ఆరోగ్యం దగ్గర కలం ఆగిపోయింది.

"ఇదెవరు చూస్తారోయ్?"

"నాకేం తెలుసండీ, పైకి పంపేది మీరేగా."

పెద్దసారు 'ఉబ్బసం' అని మూడుసార్లు రాశాడు. దాన్ని తిప్పి, కిందనున్న మొదటి కాగితం మీద 'వద్దు' అని రాశాడు. కట్టంతా తనే కట్టి, ముడి గట్టిగా బిగించాడు. "ఫారాలు బాగానే ఉన్నాయి. రేపట్నించి నువ్వు పర్మనెంటు. వెళ్లు."

ఆదివారం పత్రికలో పెద్దక్షరాలతో వచ్చింది: "మన ప్రజలు పుట్టుకతోనే శాంతికాముకులు: సర్వే."