గృహనిష్క్రమణ మహోత్సవం

బంగాళాఖాతంలో తుపాను లేచిందని రేడియో చెప్పిన అర్ధగంటకే మంత్రిగారు ప్రజలకు అభయమిచ్చారు. రేణిగుంట రోడ్డులో, ఎండిన చెరువులో తామే కట్టించిన అభ్యుదయ కాలనీ జనాన్ని గొడ్లను తోలినట్టు ఖాళీ చేయించడం తమకు ఇష్టం లేదన్నారు.

"చేరేటప్పుడు గృహప్రవేశం చేసుకున్నారు. వదిలేటప్పుడు మర్యాద వద్దా? శుక్రవారం పొద్దున గృహనిష్క్రమణ మహోత్సవం! మేళం, షామియానా, పులిహోర ప్రభుత్వానివే. తుపానుకు ఎవరి ఇల్లు పడిపోతే వారి ఇంటి అప్పు పూర్తిగా రద్దు!"

ఇంత దూరదృష్టి గల నాయకుడు దొరకడం జిల్లా చేసుకున్న పుణ్యం. చెరువులో కాలనీ కట్టేనాడే ఇలాంటి రోజు వస్తుందని ఆయనకు తెలిసే ఉండాలి.

కాలనీలో మొదటి ఇల్లు గంగాధరానిది. రేణిగుంటలో ఒక గోడౌను గుమాస్తా. సొంతిల్లు వస్తే తలనీలాలిస్తానని మొక్కుకుని, కొండకు నడిచిపోయి గుండు కొట్టించుకున్నాడు. వెంట్రుకలు మళ్లీ మొలిచాయి గాని, అప్పు కంతుకని నెలనెలా కోసే జీతం మొలవలేదు. ఇంకా ఇరవై ఏళ్లు మొలవదు కూడా.

కాంట్రాక్టరు మంత్రిగారి బావమరిది కావడం వల్ల గోడలకు బీటలు ఉచితంగా వచ్చాయి. ఆయన పెట్టించిన వాకిలి మామిడాకుల బరువుకే ఊగితే, గంగాధరం దాన్ని పీకేసి, ఐరాల నుంచి మామ పంపిన వేపకొయ్యతో ద్వారబంధమూ తలుపూ చేయించి నిలబెట్టుకున్నాడు. ఆ ఇంట్లో అతను సొంతంగా పెట్టించింది ఆ వాకిలొక్కటే.

మంత్రిగారి ప్రకటన విన్నాక అతని భార్య సిద్ధమ్మ మూటలు కడుతూ అంది.

"బాడుగింట్లో కురిస్తే ఓనర్ని తిట్టేవాళ్లం. ఈడ ఎవుర్ని తిట్టేది? మనల్ని మనమేనా?"

"ఇల్లు పడితే కంతు ఉండదంట మే. తీర్థకట్ట వీధిలో మళ్లా బాడుక్కు చేరిపోదాం."

"పడకపోతే?"

"మంత్రి బామ్మర్ది కట్టించినాడు. ఆమాత్రం నమ్మకం లేకపోతే ఎట్ల?"

ఆ సాయంత్రం గంగాధరం కొండవైపు తిరిగి, ఇల్లు పడిపోతే ఇంకో గుండు ఇస్తానని మొక్కుకున్నాడు. పడకగదిలో బీటను మొదటిసారి ప్రేమగా తడిమాడు. ఎదురింటి మునస్వామి అయితే, బీటలు పూడ్చడానికి తాను తెచ్చిన సిమెంటు మూటను అంగడికి తిరిగిచ్చేశాడు. వినేవాళ్లకు నవ్వొస్తుంది గాని, ఇరవై ఏళ్ల అప్పు నెత్తిన ఉన్నవాడికి ఇల్లు కూలడం కూడా పండగే.

శుక్రవారం పొద్దున గాలి, వాన. పదిన్నరకు మంత్రిగారి కారు వచ్చింది. గడపల లోపల మూటలతో నిలబడిన జనం మాత్రం కదల్లేదు.

"రండప్పా బయటికి!" అన్నారు మంత్రిగారు మైకులో.

"రాహుకాలం వచ్చేసింది సామీ. పన్నెండు దాకా గడప దాటం" అంది సిద్ధమ్మ లోపలి నుంచి.

తుపాను ఏర్పాట్లు చూడడానికి వచ్చిన స్పెషలాఫీసరుకు ఒళ్లు మండింది. "తుపాను రాహుకాలం చూసుకుని వస్తుందా అమ్మా?"

మంత్రిగారు అతన్ని గుడ్లురిమి చూశారు. "శాస్త్రం శాస్త్రమే. తుపాన్ని గూడా పన్నెండు దాకా ఆగమను" అని తానూ వెళ్లి కార్లో కూర్చున్నారు.

తుపాను ఆగింది. పన్నెండయ్యేసరికి ఎండ కాసింది. అది సముద్రంలోనే బలహీనపడిందని ట్రాన్సిస్టరు చెప్పగానే గంగాధరం గుండె జారిపోయింది.

"మన ఏర్పాట్లు చూసి తుపాను జంకింది!" అన్నారు మంత్రిగారు మైకులో.

"మరి ఉత్సవం సార్?" అన్నాడు స్పెషలాఫీసరు చెవిలో.

"రాయి చెక్కించినాం గదా. రాయి మీద పేరు పడినాక ఆపితే ఎట్లప్పా?"

మేళం మోగింది. జనం కుడికాలు ముందుపెట్టి, ఎక్కడికి పోవాలో తెలియకపోయినా బయటికి వచ్చారు. శిలాఫలకం బిగించడానికి రోడ్డు పక్కనున్న గంగాధరం గోడే అనువుగా కనిపించింది. మేస్త్రీ మేకు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు.

గోడ కాసేపు ఆలోచించింది. తర్వాత కూర్చుంది. దాన్ని చూసి పక్కగోడ, పక్కగోడను చూసి కప్పు కూర్చున్నాయి. దుమ్ము అణిగాక చూస్తే వాకిలి ఒక్కటే, మామిడాకులతో సహా, నిటారుగా నిలబడి ఉంది.

"పడిందే!" అని గంగాధరం గంతేసి మంత్రిగారి కాళ్లు పట్టుకున్నాడు. "సామీ, నా అప్పు పోయినట్టేనా?"

"తుపాను రాలేదు గదప్పా."

"ఇల్లయితే పడింది గదా సామీ! అంతా మీ చేతి చలవ!"

మంత్రిగారు ఇరకాటంలో పడి స్పెషలాఫీసరు వైపు చూశారు. అతను వెళ్లి వాకిలిని తట్టాడు, తోశాడు, వీపు ఆనించి నెట్టాడు. అది కదల్లేదు.

"వాకిలి పటిష్ఠంగా ఉందండీ. రూల్సు ప్రకారం వాకిలి నిలబడితే ఇల్లు నిలబడినట్టే."

"చూసినారా మన కాలనీ నాణ్యత!" అన్నారు మంత్రిగారు మైకులో. చప్పట్లు మోగాయి.

"ఆ కొయ్య మా నాయన పంపించింది సామీ" అన్న సిద్ధమ్మ మాట మేళంలో కలిసిపోయింది.

శిలాఫలకాన్ని వాకిలికే ఆనించి, మంత్రిగారు దండ వేయించుకుని వెళ్లిపోయారు. స్పెషలాఫీసరు మాత్రం బాధ్యత మరచిపోయే మనిషి కాదు. జీపు ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"అప్పు తీరేదాకా ఇల్లు మీ పూచీ గంగాధరంగారూ. తాళం వేసుకోండి."

గంగాధరం తలుపు దగ్గరికి లాగి, గడియ పెట్టి, తాళం వేశాడు. అలవాటు ప్రకారం రెండుసార్లు లాగి చూశాడు.