ఎవరికీ చెప్పొద్దన్న ఫ్లెక్సీ

ఇదిగో, మిమ్మల్నే. అటూ ఇటూ చూడకండి, మీ వెనక ఎవరూ లేరు. చెవిలో పడ్డ రహస్యాన్ని మీరు ఎంతసేపు కడుపులో దాచుకోగలరు? చచ్చినా చెప్పనంటారా? పోనీలెండి, పొద్దుపొద్దున్నే అబద్ధాలెందుకు! యూసుఫ్‌గూడ రాజనర్సయ్య మీకన్నా నిజాయితీపరుడు. "నా కడుపుల మాట ఆగదు, నాకు చెప్పకుండ్రి" అని ముందే ఒప్పేసుకుంటాడు. అయినా చెప్పేవాళ్లు చెబుతూనే ఉంటారు.

రాజనర్సయ్యది ఫ్లెక్సీలు కొట్టే దుకాణం. పెళ్లిళ్లైనా, గృహప్రవేశాలైనా, గల్లీ లీడర్ల జన్మదిన వేడుకలైనా ఆయన మిషన్లోంచి రావాల్సిందే. చేతిలో అంత పెద్ద మిషన్ ఉన్న మనిషికి చిలిపితనం కూడా ఉంటే ఏమవుతుందో ఆయన బావని అడగాలి. ఏదో మాటకు అలిగి బావ ఫోన్ ఎత్తడం మానేస్తే, రాజనర్సయ్య ఎర్రగడ్డ రైతుబజారు ముందు ఒక ఫ్లెక్సీ కట్టించాడు: "నల్ల బర్రె తప్పిపోయినది. ఆచూకీ తెలిసినవారు ఈ నంబరుకు ఫోన్ చేయగలరు." నంబరు బావది. ఆ తర్వాత బావ ప్రతి ఫోనూ ఎత్తాల్సి వచ్చింది. ఎత్తి ఏమన్నాడన్నది ఇక్కడ రాయలేం.

ఈ కథ జరిగిన రోజు పొద్దున కూడా రాజనర్సయ్య పథకం చాలా చిన్నది. ఆయన అక్క కూతురు నవీన, అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసి, అక్కడే రామ్మోహనరావు అనే ఆయన ఆఫీసులో పనిచేస్తోంది. పచ్చళ్ల కంపెనీకీ, పళ్ల డాక్టరుకీ ఫోన్లలో ప్రచారం చేసిపెట్టడం వాళ్ల పని. అంతకు ముందు రోజు ఆ పిల్ల దుకాణానికి వచ్చి, షట్టర్ సగం దించి మరీ చెప్పింది.

"మామా, రేపు పంజాగుట్టల పెద్ద హోటల్ల డిజిటల్ మార్కెటింగ్ కాన్ఫరెన్స్ ఉంది. నేను ఫస్ట్ టైం పోతున్న. వసుమతి మేడం అని, మస్తు పెద్ద కంపెనీ ఆమెది. నాతోటి మాట్లాడుతనన్నది. అంతా మంచిగైతే నౌకరీ ఇస్తది. నీకొక్కనికే చెప్పిన. ఎవ్వరికి చెప్పకు."

"నీ మీద ఒట్టు బిడ్డా!" అన్నాడు రాజనర్సయ్య. అంటున్నప్పుడే ఆయన చెయ్యి కంప్యూటర్ మౌస్ మీదికి పోయింది.

అదృష్టం కూడా కలిసొచ్చింది. ఆకుపచ్చ చీరలో, రెండు చేతులూ జోడించి దిగిన ఫోటోను నవీన మొన్ననే "ఎట్లున్న మామా?" అని పంపింది. ఓట్లు అడగడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని ఫోటో అది. దాన్ని నిలువెత్తున పెట్టాడు. పైన "డిజిటల్ మార్కెటింగ్ మహాసభకు విచ్చేయుచున్న మన ఆడబిడ్డ నవీన గారికి స్వాగతం! సుస్వాగతం!!" అనీ, కింద "ఇట్లు, రాజనర్సయ్య యువసేన" అనీ కొట్టాడు. యువసేనలో ఉన్నది ఇద్దరే: తెల్ల మీసాల రాజనర్సయ్య, ఫ్లెక్సీలు కట్టే ఖుద్దూస్.

ఫ్లెక్సీకి ఒక మర్యాద ఉంటుంది. కింద గుండ్రాల్లో అయినవాళ్ల తలకాయలన్నీ ఉండాలి. ఎవర్ని వదిలేస్తే వాళ్లు ఏడాది పాటు మాట్లాడరు. అందుకని తన తలకాయ, భార్య చంద్రమ్మ తలకాయ, ఖుద్దూస్ తలకాయ పెట్టాడు. ఇంకా ఒక గుండ్రం ఖాళీగా మిగిలింది. పిల్లకు జీతమిచ్చే మనిషిని మరిచిపోతే ఏం బాగుంటుంది? నవీన ఆఫీసు బర్త్‌డే ఫోటోలోంచి రామ్మోహనరావును కత్తిరించి అందులో కూర్చోబెట్టాడు. ఆ ఫోటోలో ఆయన నోట్లో ఎవరో కేకు కుక్కుతున్నారు. చెయ్యి పోయింది గానీ కేకు పోలేదు.

పొద్దున్నే ఖుద్దూస్ దాన్ని హోటల్ గేటు పక్కనున్న స్తంభాలకు కట్టి, నిచ్చెన ట్రాలీ ఆటోలో వేసుకుని ఎర్రగడ్డలో ఇంకో పనికి వెళ్లిపోయాడు. రాజనర్సయ్య ఎదురుగా ఇరానీ హోటల్లో చాయ్ పెట్టుకుని కూర్చున్నాడు. పిల్ల రావాలి, చూడాలి, మొహం కందగడ్డ కావాలి. తను పోయి సంచిలో ఉన్న శాలువా ఫుట్‌పాత్ మీదే కప్పాలి. కడుపారా నవ్వుకోవాలి. అంతే పథకం.

నవీన మెట్రో దిగి వచ్చింది. చూసింది. కానీ మొహం కందగడ్డ కాలేదు. తల పట్టుకుని గేటు పక్క దిమ్మె మీద కూలబడింది. రాజనర్సయ్య చాయ్ వదిలేసి ఉరికాడు.

"ఏమాయె బిడ్డా? మజాక్ చేసిన గంతే!"

"మజాకా మామా? నేను సార్‌కు జ్వరమని చెప్పి లీవ్ పెట్టిన! సార్ రోజు గీ తొవ్వలనే ఆఫీసుకు పోతడు. గది చాలదన్నట్టు ఆయన ఫోటో సుత పెట్టినవ్! ఉన్న నౌకరీ పాయె, వచ్చేది సుత పాయె!" నవీన కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "నాకు తెల్వది. సార్ చూడకముందే తియ్. ఎవ్వలు చూడొద్దు!" అని లోపలికి వెళ్లిపోయింది.

రాజనర్సయ్య ఫ్లెక్సీ అంచు అందుకుని లాగాడు, ఊడలేదు. నవ్వుకోవడం తప్ప ఏడిపించడం ఆయనకు అలవాటు లేదు. ఖుద్దూస్‌కు ఫోన్ చేశాడు.

"ఖుద్దూస్! గా ఫ్లెక్సీ తియ్యాలె. జల్ది రా!"

"ఎట్లొస్త భాయ్? ఎర్రగడ్డల నిచ్చెన మీద ఉన్న. నువ్వే పీకెయ్."

"వస్తలేదురా! ఏం కట్టినవ్రా గిది?"

"డబల్ వైర్ భాయ్. గాలివానకు సుత కదలది. ఫికర్ చెయ్యకు!" అన్నాడు ఖుద్దూస్ గర్వంగా.

రాజనర్సయ్య ఎగిరాడు, గుంజాడు, శాలువా అడ్డం పెట్టి చూశాడు. శాలువాతో ఫ్లెక్సీలోని నవీన పాదాలు మాత్రమే దాగాయి. ఈలోగా మెడలో కార్డు వేసుకున్న ఒక యువకుడు ఆగి ఫ్లెక్సీని ఫోటో తీశాడు.

"ఓ తమ్మీ! జర గది డిలీట్ చెయ్యి. ఎవ్వరికి పంపకు."

"ఎందుకంకుల్?"

"ఎందుకని అడగకు! పెద్ద సీక్రెట్ గది."

ఆ యువకుడు రాజనర్సయ్యను ఒకసారి, ఫ్లెక్సీని రెండుసార్లు చూశాడు. ఇంకో నలుగుర్ని పిలుచుకొచ్చాడు. ఆ నలుగురూ ఫ్లెక్సీ ముందు నిలబడి సెల్ఫీలు దిగి, లోపలికి పోయారు. వాళ్ల ఫోన్లు ఖాళీ చేయించడానికి రాజనర్సయ్య కూడా వెంటపడ్డాడు. తలుపు దగ్గర మానస అనే అమ్మాయి ఆపింది. వచ్చినవాళ్లకు కార్డులు తగిలించడం ఆ పిల్ల పని.

"సార్, మీరు ఆ ఫ్లెక్సీలో ఉన్నరు కదా! యువసేన ప్రెసిడెంట్!"

"నేను కాదమ్మా. గాయన మా తమ్ముడు."

"అయ్యో, తమ్ముడు గారిని రమ్మనకపోయారా! రండి రండి," అని ఆయన మెడలో 'ప్రత్యేక అతిథి' అని ఉన్న కార్డు వేసింది. నవీనను అప్పటికే మొదటి వరసలో కూర్చోబెట్టారట. అంత పెద్ద ఫ్లెక్సీ ఉన్న మనిషిని వెనక కూర్చోబెట్టే ధైర్యం వాళ్లకు లేకపోయింది.

హాలు నిండా జనం. చలి. ఎవర్ని చూసినా ఇంకొకరికి ఫోన్ చూపిస్తున్నారు. ఇంతమంది ఒక్కచోట చేరి, ఎవరి ఫోన్లో వాళ్లు ఉండటానికి హాలు ఎందుకో రాజనర్సయ్యకు అర్థం కాలేదు. అయినా అర్థం చేసుకునే తీరిక లేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు.

"అమ్మా, బయట ఫ్లెక్సీ చూసినవా?"

"లేదంకుల్."

"బతికించినవ్. చూడకు. ఎవ్వరికి చెప్పకు."

ఆ అమ్మాయి కాఫీ కప్పు అక్కడే పెట్టి బయటికి పరిగెత్తింది. పక్కనున్న ఇద్దరూ వెనకే పోయారు. రాజనర్సయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఎంత చెప్పినా వినరేం ఈ మనుషులు! చూడొద్దన్న ప్రతివాడూ చూసొస్తున్నాడు, చూసొచ్చిన ప్రతివాడూ ఇంకొకడికి చెబుతున్నాడు.

"అసలు ఎవరంకుల్ ఈ నవీన గారు?" అని ఒకడు నిలదీశాడు.

"మస్తు పెద్ద మనిషి. ఫోటోలు తీస్తె ఊకోదు," అని బెదిరించాడు రాజనర్సయ్య.

అంతటితో ఆగుతుందనుకున్నాడు. టీలు తాగే సమయానికి ఆమె కంపెనీ పెట్టి విదేశాలకు అమ్మేసిందని ఒకరు, ఏదో పార్టీ టికెట్ ఖాయమైందని ఇంకొకరు చెప్పుకుంటున్నారు. ఒకాయన వచ్చి రాజనర్సయ్య చెవిలోనే చెప్పాడు: "మీకు తెలుసో లేదో, ఎవరికీ చెప్పకండి..."

అప్పుడే తలుపు దగ్గర ఆ మొహం కనిపించింది. నోట్లో కేకు లేకపోయినా రాజనర్సయ్య గుర్తుపట్టాడు. రామ్మోహనరావు! అటు వేదిక మీదికి వసుమతి మేడం ఎక్కుతోంది. ఇటు రామ్మోహనరావు మొదటి వరసకే వస్తున్నాడు. రాజనర్సయ్య కుర్చీలు తోసుకుంటూ ఉరికి, సంచిలోంచి శాలువా తీసి, నవీనకు ముక్కు దాకా కప్పేశాడు.

హాలంతా చప్పట్లు. సన్మానం అనుకున్నారు పాపం.

"ఏంటిది నవీనా?" అన్నాడు రామ్మోహనరావు దగ్గరికొచ్చి.

"సన్మానం కాదు సార్! చలిజ్వరం!" రాజనర్సయ్య అడ్డం నిలబడ్డాడు. "పొద్దటిసంది గజగజ ఒణుకుతుంది. దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వ తప్పి గిట్ల వచ్చినం."

"తొవ్వ తప్పి మొదటి వరసలో కూర్చున్నారా? జ్వరమేంటండీ బాబూ! ఈ అమ్మాయి మానేస్తానని నాకు ఎప్పుడో చెప్పింది. ఇవాళ ఏదో పరీక్ష ఉందంటే, ఎలా నెగ్గుతుందో చూద్దామని నేనే వచ్చాను. అది సరే, ఆ ఫ్లెక్సీలో నా నోట్లో కేకేంటండీ?"

రాజనర్సయ్య నోరు తెరుచుకుంది. అందులో కేకు లేదు గానీ, వాలకం అచ్చం అదే.

వేదిక మీద వసుమతి మైకు అందుకుంది. "ఈ హాల్లో నవీన పేరు తెలిసినవాళ్లు చేతులెత్తండి."

అన్ని చేతులూ లేచాయి. టీ కప్పులు తీసే అతను కూడా ఎత్తాడు.

"మా కంపెనీలో ఒక ఉద్యోగానికి కొంతమంది పోటీ పడ్డారు. అందరికీ ఒకటే పరీక్ష పెట్టాను. ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా, నేను వేదిక ఎక్కేలోపు మీ పేరు ఈ హాలంతా తెలియాలి అన్నాను. మిగిలినవాళ్లు రాత్రంతా కూర్చుని పోస్టులు పెట్టారు. నవీనా, మీరేం చేశారు?"

నవీన శాలువాలోంచి మొహం బయటపెట్టింది. జ్వరం లేదు, ఏడుపు అసలే లేదు.

"ఏం చెయ్యలె మేడం. మా మామకు ఎవ్వరికి చెప్పకు అన్న. గంతే."

నవ్వులతో హాలు దద్దరిల్లింది. నవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు. చప్పట్లు సద్దుమణిగాక ఆయన మేనకోడల్ని బయటికి లాక్కొచ్చాడు.

"ఏడ్చినవ్ కదనే! నా పానం పోయింది ఆడ!"

"ఏడ్వకపోతే నువ్వు లోపటికి వస్తుంటివా మామా? ఫ్లెక్సీ గేటు కాడనే ఉంటది. లోపట తిరిగి చెప్పెటోడు కావాలె కద! గా చేతులు జోడించిన ఫోటో ఊకనే పంపిననుకున్నవా?"

రాజనర్సయ్య తిట్టడానికి నోరు తెరిచాడు. "నౌకరీ ఖాయమేనా?" అని మాత్రం అడిగాడు.

"ఖాయమే మామా."

"ఊఁ. ఇంటికి స్వీట్ తీస్కపో," అని మీసం సర్దుకుని, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

అప్పటికి గేటు దగ్గర ఖుద్దూస్ నిచ్చెన దించుతున్నాడు. "ఏమైంది భాయ్? మొహం గట్లున్నది?"

చెప్పకూడదనే అనుకున్నాడు రాజనర్సయ్య. ఖుద్దూస్ రెండో వైరు తెంపేలోపు మొత్తం చెప్పేశాడు. చెప్పి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "మన ఇద్దరి నడుమనే ఉండాలె. ముఖ్యంగ మా బావకు తెల్వొద్దు. ఎవ్వరికి చెప్పకు."

"ఖుదా కసమ్ భాయ్!" అన్నాడు ఖుద్దూస్.

సాయంత్రానికి యూసుఫ్‌గూడ చౌరస్తాలో బావ కట్టించిన కొత్త ఫ్లెక్సీ వెలిసింది: "తప్పిపోయిన నల్ల బర్రె దొరికినది." కింద ఫోటోలో రాజనర్సయ్య రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు.