సత్యవతి ఆస్ట్రేలియా వెళ్లిన ఆదివారం

గోపాలకృష్ణకు అబద్ధం చెప్పడం రాదు. ఆ ఆదివారం మాత్రం చెప్పవలసి వచ్చింది, అదీ భార్య కోసం.

ఆ భార్య సత్యవతి ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయిన మనిషి. ఆన్‌లైన్‌లో పుస్తకప్రియుల గ్రూపొకటి, ఏడాదిలో ఆస్ట్రేలియా రచయితలవి పది నవలలు చదవాలని పోటీ పెట్టింది. సత్యవతి పక్కన డిక్షనరీ పెట్టుకుని, కుక్కర్ కూతల మధ్య తొమ్మిది ఇంగ్లిషు నవలలు పూర్తిచేసింది. అబ్బ, ఏం పట్టుదలండీ! పదోదాంట్లో ఇంకా తొంభై పేజీలున్నాయి. గడువు ఈ సాయంత్రం ఆరు.

"మొదలెట్టినవన్నీ సగంలోనే ఆగిపోయాయండీ నాకు. ఇదొక్కటైనా చివరిదాకా వెళ్లాలి. ఇల్లు కాలిపోతున్నా పిలవకండి," అని చెప్పి, ఫోను ఆపేసి, చెవుల్లో దూది పెట్టుకుని, గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది.

తొమ్మిదింటికి పక్కింటి తెరేసా వచ్చింది. "వదినేరండీ అన్నయ్యగారూ?"

"ఊళ్లో లేదు."

"ఎక్కడికెళ్లారేంటి?"

అంతదాకా అతను ఆలోచించలేదు. కంగారుగా చుట్టూ చూస్తే గోడకి అంటించిన పుస్తకాల జాబితా కనిపించింది. "ఆస్ట్రేలియా," అనేశాడు.

"ఓరి నాయనో! నిన్న సాయంత్రం కూడా మా ఇంట్లో కరివేపాకు కోసుకెళ్లారు కదండీ! ఒక్క మాటైనా చెప్పలేదే!" తెరేసా ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. "విమానంలో ఉన్నట్టున్నారు," అంటూ బుగ్గలు నొక్కుకుంటూ వెళ్లింది.

చెప్పకుండా వెళ్లిందంటే అలిగే వెళ్లిందని వీధి తేల్చేసింది. తప్పు మొగుడిదేనని కూడా తేల్చింది. అలాగని మనిషిని పస్తుంచలేరు కదా! మధ్యాహ్నానికి నాలుగు క్యారియర్లు వచ్చాయి. చేపల పులుసు, రొయ్యల ఇగురు, పప్పుచారు, మళ్లీ చేపల పులుసు. గోపాలకృష్ణ మర్యాద కోసం అన్నీ తిన్నాడు.

ఐదున్నరకి కనకాలపేట నుంచి సత్యవతి అన్న అమ్మిరాజు బండేసుకుని వచ్చిపడ్డాడు. వెనకే వీధంతా.

"ఏమన్నావు బావా మా చెల్లిని? సముద్రాలు దాటి పోయేంత మాట ఏమన్నావు?"

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి ఆడమనిషి వెక్కివెక్కి ఏడుపు వినిపించింది. అందరూ గదివైపు చూశారు, ఆ తర్వాత గోపాలకృష్ణ వైపు చూశారు.

"అది... పక్కింట్లోంచి," అన్నాడతను.

"పక్కిల్లు మాదేనండీ," అంది తెరేసా.

అమ్మిరాజు తలుపు దబదబా బాదాడు. గడియ తీసి సత్యవతే బయటికి వచ్చింది. కళ్లు వాచాయి, చెవుల్లో దూది అలాగే ఉంది.

"వాన పడింది తెరేసా! నవల్లో గొర్రెలు పెంచే ఆవిడకి ఏడేళ్ల తర్వాత వాన పడింది! పదీ అయిపోయాయి!"

అమ్మిరాజు గోడ మీది జాబితాను వేలుపెట్టి లెక్కపెట్టాడు. "ఇవన్నీ నువ్వే చదివావా అమ్మా?"

"నేనే."

"నిన్ను కాలేజీ మాన్పించింది నేను. తప్పు చేశాను." అతను కళ్లు ఒత్తుకున్నాడు.

"ఏడుపు తర్వాత అన్నయ్యా. ముందు ఆరింటిలోగా గ్రూపువాళ్లకి రాసి పంపాలి."

"ఎవరూ నోరు మెదపకండి!" అని అరిచాడు అమ్మిరాజు. ఆమె ఫోనులో టైపు చేస్తున్నంతసేపూ వీధి వీధంతా ఊపిరి బిగపట్టి నిలబడింది. ఐదూ యాభై ఎనిమిదికి మెసేజ్ వెళ్లింది. గోపాలకృష్ణ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆ వాన కథ వినందే కదలనని తెరేసా అక్కడే చతికిలబడింది. విని, కళ్లు తుడుచుకుని, ఆ పుస్తకం, డిక్షనరీ రెండూ పట్టుకెళ్లింది. తన రొయ్యల ఇగురు క్యారియర్ మాత్రం గోపాలకృష్ణ చేత తోమించి మరీ తీసుకుంది.