అమ్మ దిద్దిన ఎరుపు

ఆ ఉదయం కొడుకు వేసుకున్న ప్రణాళికలో లోపమేమీ లేదు. ముందు మానిటర్ రంగులు సరిచేయాలి. ఆపైన టమాటా సాస్ సీసా లేబుల్‌ను పదింటికల్లా ప్రెస్సుకు పంపాలి. సాస్ ఫ్యాక్టరీ యజమాని ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారీ నచ్చకపోతే ఆ పని మరొకరి చేతికి పోతుంది.

రంగులు కొలిచే చిన్న పరికరాన్ని తెర మీద వేలాడదీసి, అతను స్నానానికి వెళ్ళాడు. గదిలోకి వచ్చిన తల్లికి ఆ వెలుగు కళ్ళలో పొడిచినట్టయింది. వీడి కళ్ళు ఎర్రబడటంలో వింతేముంది అనుకుంది. కళ్ళ డాక్టరు ఆవిడ ఫోన్‌లో పెట్టించిన ‘కంటి రక్షణ’ గుర్తు ఇక్కడా కనిపించింది. నొక్కింది. తెర పసుపుగా మారి శాంతించింది. పరికరం మాత్రం ఆ పసుపును జబ్బుగా నిర్ధారించి, విరుగుడుగా నీలం పెంచుకుంటూ పోయి, పని ముగిసిందని ప్రకటించింది. స్నానాలగది తలుపు చప్పుడు వినగానే, చీవాట్లు ఎందుకని, ఆవిడ గుర్తును ఆపేసింది. పసుపు పోయింది, విరుగుడు మిగిలింది.

“ఇవి వంకాయలా?” కాఫీ తెచ్చిన కోడలు తెర చూసి అడిగింది.

“టమాటాలే. ఫోటో తీసినవాడి నిర్వాకం.”

“నిన్న ఎర్రగానే ఉన్నాయిగా?”

“నిన్న మానిటర్ తప్పు చూపించింది. ఇవాళ యంత్రం కొలిచి చెప్పింది. నీ కళ్ళు కొలిచాయా?”

ఆ ఇంటికి టమాటాలు ఏరి తెచ్చే రెండు జతల కళ్ళూ ఆ గదిలోనే ఉన్నాయి. వాటి అభిప్రాయం ఎవరికీ అవసరపడలేదు. అతను ఎరుపు పెంచాడు, పసుపు పెంచాడు, తెర మీది టమాటా టమాటాలా కనిపించేదాకా పెంచి, పంపేశాడు.

కోడలు ఆ లేబుల్‌ను తన ఫోన్‌లో తెరిచింది. “కొంప అంటుకున్నట్టుంది కదూ, అత్తయ్యా?”

“నీ ఫోన్‌లో రంగులు సరిగా రావు,” అన్నాడతను.

తల్లి కొడుకు దగ్గరికి వచ్చింది. “ఒరే నాన్నా, నువ్వు స్నానంలో ఉండగా కంటి రక్షణ నొక్కాను. మళ్ళీ ఆపేశాన్లే.”

“కొలుస్తున్నప్పుడా?”

“అది కొలుస్తోందని నాకేం తెలుసురా? జలగలా అంటుకుని ఉంది, నేను దాని జోలికే పోలేదు.”

అతను ఆ తప్పుడు కొలతను మానిటర్ నుంచి చెరిపేసి, ప్రెస్సుకు ఫోన్ చేశాడు. అప్పటికే వెయ్యి లేబుళ్ళు అచ్చయ్యాయి. యజమాని అక్కడే ఉన్నాడు, ఫోన్ అందుకున్నాడు.

“ఇన్నాళ్ళూ ఈ ఎరుపు ఎక్కడ దాచారండీ? మిగతా ఐదు రకాల సీసాలకీ అచ్చం ఇదే కావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోను.”

అతను ఫోన్ పెట్టేసి, తల్లి వైపు తిరిగాడు.

“అమ్మా, నేను వెళ్ళిన ఎంతసేపటికి నొక్కావు?”

ఆవిడ కళ్ళజోడు తీరిగ్గా తుడుచుకుని, యంత్రాన్ని అడగమంది.