మనవాళ్ళు లేని బడి

ఆడపిల్లకి మంచి బడి ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను: మనవాళ్ళు లేని బడి!

నవ్వకండి. మేముండేది అమెరికాలో, సగం మనవాళ్ళే ఉండే కాపెల్ అనే ఊళ్ళో. మా వీధి చివరి బడి గేటు దగ్గర నిలబడి "సాన్వీ" అని ఓ కేక వేయండి. సగంమంది పిల్లలు, వాళ్ళకోసం వచ్చిన సగంమంది అమ్మమ్మలు తిరిగి చూస్తారు. ఇంతదూరం వచ్చాక పిల్ల ప్రపంచాన్ని చూడొద్దూ? అందుకే మా ఆద్యని ఆరో క్లాసులో అమ్మాయిల ప్రైవేటు బడిలో చేర్పించాను.

ఆ బడి బ్రోషర్ మీద ఐదు రంగుల అమ్మాయిలు ఐదుగురు ఒకే మైక్రోస్కోపు చుట్టూ చేరి పకపకా నవ్వుతుంటారు. అందులో అంత నవ్వొచ్చేదేం కనిపించిందని నేనడగలేదు. డైవర్సిటీ అంటే అదే కాబోలనుకున్నాను.

చేరిన కొద్దిరోజులకే ఆద్య ఆ బడికి ఎంత అవసరమో తెలిసింది. ఈత రాని పిల్ల స్విమ్మింగ్ టీమ్ ఫొటోలో ఉంది. వయొలిన్ ముట్టుకోని పిల్ల ఆర్కెస్ట్రా ఫొటోలో, అదీ ముందు వరసలో! ఒక్క పిల్ల ఇన్ని విద్యల్లో ఆరితేరడం మనవాళ్ళున్న బడిలో సాధ్యమా?

ఒక్క చిన్న లోటు. ఫొటో అవగానే మిగతా అమ్మాయిలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయేవారు. లంచ్‌లో ఆద్య పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. డబ్బా సగం అలాగే తిరిగొచ్చేది. "ఆకలి లేదమ్మా" అనేది. నేను నమ్మినట్టు నటించి, ఆ సగం సింక్ దగ్గర నిలబడే తినేసేదాన్ని.

అలాంటిది ఓరోజు కారెక్కుతూనే, "అమ్మా, అబిగేల్ రోజూ నా పక్కనే కూర్చుంటోంది. సాటర్డే తనూ వాళ్ళ మామ్ మనింటికి రావచ్చా?" అంది.

అబిగేల్! పేరులోనే ప్రపంచం కనిపించింది. శనివారం పొద్దున్నే గోంగూర పచ్చడి జాడీని గరాజ్‌కి తరలించాను. కిటికీలన్నీ తెరిచాను. ఉప్పూ కారం తగలకుండా పాస్తా వండాను. మా ఆయన రవికుమార్ రుచి చూసి, "ఎవరికైనా జ్వరమా?" అన్నారు.

బెల్ మోగింది. తలుపు తీసి, అద్దం ముందు సాధన చేసిన "హాయ్, సో నైస్ టు మీట్ యూ" అప్పజెప్పాను. పెద్ద ట్రేతో నిలబడ్డావిడ నన్ను తేరిపార చూసి, "అయ్యో, మీరు తెలుగువాళ్ళాండీ?" అంది.

పేరు విమలకుమారి. ఊరు తణుకు. ఇక్కడి తెలుగు చర్చిలో పాటలు పాడుతుందట. ట్రేలో లజానియా. "మా పిల్ల 'ఆడియా, ఆడియా' అంటుంటే ఏ ఇటలీ అమ్మాయో అనుకున్నానండీ. యూట్యూబ్ చూసి చేశాను. ఎలా ఉందో ఏమో."

"తెలుగమ్మాయని చెప్పలేదేమే?" అని ఆద్యని నిలదీశాను.

"నువ్వు అడగలేదుగా," అంటూ అబిగేల్‌ని లాక్కుని మేడమీదికి పరిగెత్తింది. దాని కాళ్ళలో ఆ పరుగు చూసి చాన్నాళ్ళయింది.

ఇక దాపరికం ఎందుకు? జాడీ గరాజ్‌లోంచి లోపలికొచ్చింది. అన్నం ఉడికింది. విమలకుమారి వేడన్నంలో గోంగూర కలుపుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ చనువులో నా నాలుక నా అనుమతి లేకుండానే అడిగేసింది: "ఇంతకీ మీ ఇంటిపేరేంటండీ?"

ఆ ప్రశ్న ఇంటిపేరు కోసం కాదని, దాని వెనకాల ఉన్న కులం కోసమని తెలుగు చదివే మీకు నేను చెప్పక్కర్లేదు.

కంచంలో ఆవిడ చెయ్యి ఆగింది. పైనుంచి పిల్లల నవ్వు వినిపిస్తోంది. అది ఎక్కడ ఆగిపోతుందోనని మెట్లవైపు చూశాను.

"ఈ ప్రశ్న వినపడని చోటు వెతుక్కుంటూనే పిల్లని ఆ బడిలో వేశామండీ," అంది నెమ్మదిగా, నవ్వు చెదరకుండా. "నెయ్యి ఇటు ఇస్తారా?"

ఇచ్చాను. తర్వాత పెద్ద ముద్ద ఒకటి కలిపి నా నోట్లో కుక్కుకున్నాను. ఈ నోటికి ఏదో ఒక పని చెప్పకపోతే, సోమవారం ఆద్య మళ్ళీ ఒంటరిగా లంచ్ తినాలి.